34 ఏళ్లకు లైసెన్స్ వచ్చింది, మొదటి బండి ఏది కొనాలి?

ఆలస్యంగా_గేరు
నవ్వుకున్నా ఫర్వాలేదు, ఉన్నది చెప్పేస్తున్నాను. నాకు 34 ఏళ్లు. గేరు బండి నేర్చుకున్నది మొన్న వేసవిలోనే. పోయిన వారం ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేసి బయటపడ్డాను. ఇన్నాళ్లూ మా ఆవిడ స్కూటర్ వెనకాల కూర్చునే తిరిగాను. కాలనీ మొత్తానికి తెలుసు కాబట్టి కొత్తగా పోయే పరువేమీ లేదు.

మాది వైజాగ్. ఇల్లు గోపాలపట్నం, పని గాజువాక ఆటోనగర్‌లో. ఎన్ఏడీ, కాకానినగర్, షీలానగర్ మీదుగా పోను 12, రాను 12 కిలోమీటర్లు. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 58 కిలోలు. బడ్జెట్ ఆన్‌రోడ్ లక్షా పదివేలు, గట్టిగా లాగితే ఇంకో పది.

మా బావమరిది 350 సీసీ బండి కొనమంటున్నాడు. "బండి ఒక్కసారే కొంటాం బావా, మళ్లీ మళ్లీ కొంటామేటి" అంటాడు. నాన్న "నోరు మూసుకుని స్ప్లెండర్ కొనరా" అంటారు. ఆఫీసులో కుర్రాళ్లేమో 160 కంటే తక్కువైతే ఆ రోడ్డులో లారీలు బతకనివ్వవంటారు. మా ఆవిడ ఏమీ అనదు, నవ్వుతుంది. నాకు అదే ఎక్కువ టెన్షన్.

రెండోగేరు
బండి సంగతి తర్వాత, ముందు కార్డు తీసి చూసుకోండి. ఎంసీడబ్ల్యూజీ అని ఉండాలి. ఎంసీడబ్ల్యూఓజీ అని ఉంటే అది గేరు లేని స్కూటర్లకే. మా తమ్ముడు రెండేళ్లు చూసుకోకుండా తిరిగాడు.

ఆలస్యంగా_గేరు
చూశాను, జీనే ఉంది. హమ్మయ్య.

పాత_ఏపీ31
యమహా ఆర్ఎక్స్100. ఇంకో మాట లేదు.

గేటుపక్క_గోపి
వచ్చేశారు పెద్దాయన. నేను రెండో రిప్లైకి వస్తారనుకున్నాను, మూడోదాకా ఆగారు.

పాత_ఏపీ31
నవ్వండి నాయనా. 98 సీసీ, 11 గుర్రాలు. మీ ఇప్పటి వంద సీసీ బళ్లు 8 దగ్గర ఆగిపోతాయి. 1996లో ఆపేశారు, లేకపోతే ఈ చర్చే ఉండేది కాదు.

ఆటోనగర్_పానా
ఆ 11 గుర్రాలకి ఉన్నది ముందు డ్రమ్ము బ్రేకే కదా మాస్టారూ. నేర్చుకునే మనిషికి ఆ బండి ఇచ్చి షీలానగర్ పంపిస్తారేటి?

బుల్లెట్_బావ
మీ బావమరిది చెప్పింది కరెక్ట్. నా మొదటి బండే 350. ఏమైంది, చచ్చిపోయానా? బరువు బండి రోడ్డుకి అతుక్కుని పోతుంది. కంటైనర్ పక్కనుంచి పోతే ఆ గాలికి వంద సీసీ బండి ఆకులా ఊగుతుంది. పైగా 350 వరకూ జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా, 2025 సెప్టెంబరు నుంచి. ఇంకా ఎందుకు ఆలోచన?

సిరిపురం_సిరి
బుల్లెట్_బావ గారూ, మీ ఎత్తు ఎంతండి?

బుల్లెట్_బావ
5.11. ఎందుకు?

సిరిపురం_సిరి
అదే.

గేటుపక్క_గోపి
😂😂

సిరిపురం_సిరి
సరే, నవ్వు అయిపోయింది కాబట్టి వివరంగా చెప్తాను. నాది 5 అడుగుల 1 అంగుళం. ఆరేళ్లుగా గేరు బండే నడుపుతున్నాను, మొదట 100, ఇప్పుడు 125. సీటు ఎత్తు ఎంత అని అందరూ ఇంటర్నెట్‌లో వెతుకుతారు, నేనూ వెతికాను. ఆ అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 కూడా కాగితం మీద ఇంచుమించు అంతే. కానీ మొదటిది 112 కిలోలు, రెండోది 181. అంటే మీకంటే బరువైన ఇంకో మనిషి ఎక్కి కూర్చున్నట్టు.

ఇంకోటి, సీటు వెడల్పు. ముందు భాగం సన్నగా ఉంటే తొడలు దగ్గరకొస్తాయి, కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి. వెడల్పు సీటైతే ఎత్తు తక్కువ ఉన్నా వేళ్లే ఆనుతాయి. షోరూమ్‌లో కూర్చున్నప్పుడు రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని కూర్చోండి. రెండు పాదాలూ పూర్తిగా ఆనక్కర్లేదు. ఎడమ కాలు పూర్తిగా, కుడికాలు బ్రేకు మీద. సిగ్నల్ దగ్గర నిలబడేది ఎలాగూ అలాగే.

ఆలస్యంగా_గేరు
ఇది ఎవరూ చెప్పలేదు. నేను రెండు కాళ్లూ ఆనట్లేదని ఒక బండిని లిస్టులోంచే తీసేశాను.

ఆటోనగర్_పానా
నాదొక ప్రశ్న. మీ ఇంటి గేటు దగ్గర ర్యాంపు ఉందేటి?

ఆలస్యంగా_గేరు
ఉంది. కాలువ మీద సిమెంటు ర్యాంపు, బాగా నిటారుగా ఉంటుంది. వానొస్తే రోడ్డు మీద నీళ్లు లోపలికి రాకూడదని అరుగు ఎత్తుగా కట్టించారు. దానికీ బండికీ సంబంధం ఏమిటి?

ఆటోనగర్_పానా
సంబంధం మొత్తం అదే. రోజూ పొద్దున్న బండిని వెనక్కి దింపాలి, రాత్రి పైకి ఎక్కించాలి. ఒక్కోసారి ఇంజిన్ ఆపేసి తోయాలి. 20 ఏళ్లుగా చూస్తున్నాను, కొత్తవాళ్ల బళ్లకి మొదటి సొట్ట హైవే మీద పడదు. గేటు దగ్గర, పెట్రోల్ బంకులో, యూటర్న్‌లో పడుతుంది. స్పీడు సున్నా ఉంటుంది, బండి ఒక పక్కకి ఒరుగుతుంది, ఇక ఆగదు. లివర్ విరగడం, ఇండికేటర్ పగలడం, ట్యాంకు నొక్కుకోవడం అన్నీ అక్కడే.

మీ బావమరిది దగ్గర ఆ బండి ఉంటే అడిగి తెచ్చి, ఇంజిన్ ఆపేసి, ఒక్కరే ర్యాంపు ఎక్కించండి. ఎక్కితే కొనండి.

బుల్లెట్_బావ
ర్యాంపు చూసి బండి కొనడం ఏంటి గురూ. ర్యాంపు మార్చుకోవచ్చు కదా.

గేటుపక్క_గోపి
బండికి లక్షన్నర, ర్యాంపుకి పాతికవేలు, మేస్త్రీకి టిఫిన్లు అదనం.

ఏబీఎస్_అబ్బులు
అందరూ బరువూ ఎత్తూ అంటున్నారు, బ్రేకుల మాట ఒక్కరూ ఎత్తలేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం లాక్ అవకుండా చూసేది. 125, అంతకంటే కింద వాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. సీబీఎస్ చక్రం లాక్ అవకుండా ఆపదు. కొత్తవాడు కంగారులో ఏం చేస్తాడు? గట్టిగా పట్టేస్తాడు. వానాకాలంలో షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు వచ్చి కలిసే చోట డీజిల్ చుక్కలు, బొగ్గు మసి, నీళ్లు. అక్కడ ముందు చక్రం లాక్ అయితే చక్రం జారిపోయి మనిషి కింద పడతాడు. నన్నడిగితే అనుభవం లేనివాడికే ఏబీఎస్ ఎక్కువ అవసరం. 150, 160లో ఏదైనా తీసుకోండి.

ఆటోనగర్_పానా
అబ్బులుగారి మాటలో తప్పు లేదు. కానీ ఆ 160లు 140 కిలోలు, పైన. ర్యాంపు మళ్లీ గుర్తుచేస్తున్నాను.

సిరిపురం_సిరి
మధ్యలో ఒక దారి ఉంది. 125లోనే ఏబీఎస్ ఇచ్చే బళ్లు వచ్చాయి, ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో సింగిల్ చానల్ ఏబీఎస్ వేరియంట్ ఉంది. ముందు చక్రానికి మాత్రమే, అయినా లాక్ అయితే ప్రమాదం దానికేగా. అది 136 కిలోలు ఉంటుంది, ఒకసారి తోసి చూడండి.

ఏబీఎస్_అబ్బులు
అదైతే నాకు ఓకే.

ఉప్పుగాలి
బీచ్ రోడ్డు వైపు ఇల్లు ఉన్నవాడిగా ఇసుక గురించి ఒక మాట. ఏబీఎస్ ఉన్నా సరే, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టకండి. రుషికొండ మలుపుల్లో రోడ్డు అంచున ఇసుక పరుచుకుని ఉంటుంది, ఎండలో కనపడదు. నేను పడ్డాను. 15 స్పీడులో పడ్డాను, రెండు నెలలు మోచెయ్యి మడవలేదు. మలుపు రాకముందే స్పీడు తగ్గించుకుని, మలుపులో బ్రేకు జోలికి పోకపోతే సగం గొడవ తప్పుతుంది.

ఇంకోటి, స్పోక్ చక్రాలు వద్దు, అల్లాయ్ తీసుకోండి. ఈ ఊరి గాలికి స్పోకులు, సైలెన్సర్ రెండేళ్లకే ఎర్రబడిపోతాయి. బీచ్‌కి వెళ్లొచ్చిన రోజు మంచినీళ్లతో కడిగి, చైన్‌కి నూనె పెడితే చాలు.

ఆలస్యంగా_గేరు
ఉప్పుగాలి గారూ, ప్రాక్టీసుకి పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డుకి వెళ్దామనుకున్నాను, ఖాళీగా ఉంటుందని.

ఉప్పుగాలి
ఖాళీగా ఉండేది వాకింగ్ వాళ్ల కోసం బళ్లు ఆపేస్తారు కాబట్టి. 😀 మీకు అటు ఎందుకు, సింహాచలం దగ్గరే కదా. కొండ కింద రోడ్లు ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున ఆరింటికి ప్రశాంతంగా ఉంటాయి. హాఫ్ క్లచ్‌లో నడక వేగంతో బండి పోనివ్వడం నేర్చుకోండి, కాలు పెట్టకుండా. ట్రాఫిక్‌లో పనికొచ్చేది అదే.

లెక్కల_మాస్టారు
నెలకి 26 రోజులు, రోజుకి 24 కిలోమీటర్లు, మొత్తం 624. లీటరుకి 60 ఇచ్చే బండికి 10.4 లీటర్లు. 35 ఇచ్చే దానికి 17.8. తేడా 7.4 లీటర్లు. లీటరు నూరు దాటి చాలా కాలమైంది కాబట్టి నెలకి ఎనిమిది వందలు వేసుకోండి. ఏడాదికి తొమ్మిదిన్నర వేలు.

బుల్లెట్_బావ
మాస్టారూ, ఆనందానికి లెక్క ఏ కాలమ్‌లో రాస్తారు?

లెక్కల_మాస్టారు
ఇతరములు.

క్లచ్‌కేబుల్
నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్తాను. ఆలస్యంగా_గేరు గారూ, మీరు నేర్చుకున్న బండి ఏది? స్ప్లెండర్ లాంటిదైతే నాలుగు గేర్లూ ముందుకే, మడమతో వెనక్కి. చాలా 125, 150 బళ్లకి ఫస్ట్ మాత్రం కిందికి, మిగతావన్నీ పైకి. నేను మొదటి దాని మీద నేర్చుకుని రెండోది కొన్నాను. ఎన్ఏడీ ఫ్లైఓవర్ దిగుతూ మూడు నుంచి నాలుగు వేద్దామని అలవాటుగా ముందుకి తొక్కాను. సెకండ్ పడింది. వెనక చక్రం కీచుమంది, వెనక ఆటో వాడు మా తాతముత్తాతలందరినీ తలుచుకున్నాడు.

ఆలస్యంగా_గేరు
నేను నేర్చుకున్నది మా నాన్న పాత స్ప్లెండర్ మీదే! ఇది పెద్ద పాయింటు.

క్లచ్‌కేబుల్
వారం రోజుల్లో అలవాటైపోతుంది. కానీ ఆ వారం లోపల్లోపలి రోడ్లలోనే తిరగండి.

హెల్మెట్_హరి
లక్షా పదివేలు అన్నారు కదా, అందులోంచి మూడు నాలుగు వేలు ముందే పక్కన పెట్టండి హెల్మెట్‌కి. బండితో పాటు ఉచితంగా ఇస్తారు చూడండి, అది చూసుకుని మురిసిపోకండి. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అని ఉండాలి. తలకి పెట్టుకుని బుగ్గలు నొక్కినట్టు ఉండాలి, తల ఊపితే హెల్మెట్ విడిగా ఊగకూడదు. పట్టీ బిగించకపోతే పెట్టుకోనట్టే లెక్క. వెనకాల ఎక్కే మీ ఆవిడకి కూడా ఒకటి.

ఆలస్యంగా_గేరు
మా ఆవిడ నా వెనకాల ఎక్కుతానని ఇంకా ఒప్పుకోలేదు.

గేటుపక్క_గోపి
ఆవిడ ఎంతోమంది ఫోరం వాళ్లకంటే తెలివైనది.

రెండోగేరు
ఒక చిన్న సవరణ, మీకు కాదుగానీ చదివే వేరేవాళ్లకి. లెర్నర్ లైసెన్సుతో ఉన్నప్పుడు వెనకాల ఎవరినీ ఎక్కించుకోకూడదు, నేర్పించే లైసెన్సు ఉన్న మనిషిని తప్ప. ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్ర ఎల్ ఉండాలి. మా వీధిలో ఒకడు ఎల్ బోర్డు పెట్టుకుని ముగ్గురితో సింహాచలం కొండెక్కుతున్నాడు.

పాత_ఏపీ31
కొండ మాట వచ్చింది కాబట్టి. పైకి ఏ గేరులో ఎక్కామో దిగేటప్పుడూ ఆ గేరే. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో జారుకుంటూ వచ్చేవాళ్లని చూశాను. కిందికొచ్చేసరికి డ్రమ్ముల్లోంచి వాసన. ఇంజిన్ పట్టుకుంటేనే బ్రేకులకి ఊపిరి.

ఆటోనగర్_పానా
ఇది మాత్రం బంగారం లాంటి మాట మాస్టారూ. ఆర్ఎక్స్ క్షమించేశాను.

బేరం_బాబ్జీ
ఎవరూ సెకండ్ హ్యాండ్ అనలేదేటి? మొదటి బండి ఎలాగూ గీతలు పడుతుంది. ఆ గీతలు పాత బండి మీద పడనివ్వండి. మూడు నాలుగేళ్ల 100, 125 తీసుకుని, ఏడాది నడిపి, చెయ్యి తిరిగాక అప్పుడు ఏ బండి కావాలో మీకే తెలుస్తుంది. అమ్మినా పెద్దగా పోయేదేమీ ఉండదు.

రెండోగేరు
తీసుకుంటే కాగితాలు జాగ్రత్త. ఫారం 29, 30 మీద సంతకాలు, బండి చేతికొచ్చాక 30 రోజుల్లో పేరు మార్పుకి పెట్టాలి. ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజులే. నంబరు కొట్టి పెండింగ్ చలాన్లు కూడా చూడండి, లేకపోతే ఎవరో హెల్మెట్ లేకుండా తిరిగిన వెయ్యి మీ నెత్తిన పడుతుంది. 2018 సెప్టెంబరు తర్వాత కొత్తగా కొన్న బళ్లకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అయిదేళ్లది ఉంటుంది, అదెంత మిగిలిందో చూసుకోండి.

ఏబీఎస్_అబ్బులు
సెకండ్ హ్యాండ్ అంటే నాకు భయం. నేను కొన్న బండికి నెలకే సైలెన్సర్ లోంచి నీలం పొగ.

ఆటోనగర్_పానా
నీలం పొగంటే ఆయిల్ తాగుతోందన్నమాట, బోరుకి వచ్చేసింది. చూసే పద్ధతి ఉంది. చూడ్డానికి వెళ్తున్నామని చెప్పినా, వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చేముందు స్టార్ట్ చేసి ఉంచారు. చల్లారేదాకా టీ తాగి రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే పొగైనా, టకటకైనా బయటపడేది. సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో గట్లు తగిలినట్టుంటే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ బేరింగులు, పోయినట్టు. ఫోర్కుల మీద ఆయిల్ జిడ్డు ఉంటే సీళ్లు. ఇవి చిన్న ఖర్చులే, బేరానికి పనికొస్తాయి. చాసిస్ వంకర, చాసిస్ నంబరు గీకుడు ఉంటే మాత్రం మాట్లాడకుండా వచ్చేయండి.

బుల్లెట్_బావ
ఇంత కష్టపడే బదులు కొత్తది కొని హాయిగా సంపత్ వినాయకుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించొచ్చు.

బేరం_బాబ్జీ
పాత బండికి నిమ్మకాయ తొక్కదా?

ఆలస్యంగా_గేరు
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. పరీక్ష పెట్టాం.

ఆదివారం మా బావమరిది బండి తెచ్చాడు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్ చేసి, తోశాను. ముందు చక్రం ఎక్కింది. వెనకది ర్యాంపు మొదట్లోనే ఆగింది. ఇంకో తోపు తోద్దామని ఊపిరి తీసుకునేలోగా బండి నన్ను వెనక్కి తోసింది. ముందు బ్రేకు పట్టాను, చక్రం ఆగింది కానీ బండి అలాగే జారుతోంది. ఎదురింటి ఆయనా, ఇస్త్రీ బండి అబ్బాయీ వచ్చి పట్టుకున్నారు. మా బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురింటి ఆయన మాత్రం "ఇదేటి, బండి కొనకముందే పడిపోతున్నావు" అన్నాడు. మా ఆవిడ ఈసారి గట్టిగా నవ్వింది.

బుల్లెట్_బావ
గేరులో ఉంచి క్లచ్ పట్టుకుని తోయాలి. జారితే క్లచ్ వదిలేస్తే ఆగిపోతుంది.

ఆటోనగర్_పానా
ఆ చిట్కా మంచిదే. 181 కిలోలు మాత్రం 181 కిలోలే.

ఆలస్యంగా_గేరు
ఆ తర్వాత రెండు షోరూమ్‌లు తిరిగాను. ఒకచోట బిల్లు మీద అడగని యాక్సెసరీస్ కిట్, అదేదో హ్యాండ్లింగ్ చార్జీ కలిపి రాశారు. తీసేయమంటే మేనేజర్ లేడన్నారు. వచ్చేశాను. సిరిగారు చెప్పిన 125 ఏబీఎస్ మీద కూర్చున్నాను, నచ్చింది. కానీ బాబ్జీ గారి మాటే మనసులో తిరుగుతోంది.

మా సెక్షన్‌లో ఒకాయన రిటైర్ అవుతున్నారు. 2021 స్ప్లెండర్ ప్లస్, అల్లాయ్ చక్రాలు, మొత్తం 19 వేల కిలోమీటర్లు. ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు, అంతే తిరిగింది. చల్లటి ఇంజిన్ మీద చెయ్యి పెట్టే స్టార్ట్ చేశాను. పొగ లేదు.

ఏబీఎస్_అబ్బులు
ఏబీఎస్ లేదు కదా.

ఆలస్యంగా_గేరు
లేదండి. మీ మాట మర్చిపోలేదు. వానలో మా ఆవిడ స్కూటర్ వెనకాలే ఎక్కుతాను.

ఏబీఎస్_అబ్బులు
అది ఏబీఎస్ కంటే మంచి ఏర్పాటే. ఏడాది తర్వాత మార్చండి.

పాత_ఏపీ31
నాన్నగారు చెప్పిందే కొన్నావన్నమాట. ఆయనకి చెప్పావా?

ఆలస్యంగా_గేరు
చెప్పాను. "నేను ముందే చెప్పాను" అని రోజుకి నాలుగుసార్లు అంటున్నారు. కాగితాలన్నీ రెండోగేరు గారు చెప్పినట్టే పెట్టాం.

గేటుపక్క_గోపి
ఫొటో ఏదీ?

ఆలస్యంగా_గేరు
మూడు వారాల అప్‌డేట్. ఆఫీసుకి రోజూ బండి మీదే. షీలానగర్ దగ్గర లారీ పక్కన కాకుండా దాని వెనకాలే, డ్రైవర్ అద్దంలో నా మొహం కనపడేటట్టు ఉంటున్నాను. పది నిమిషాలు ఆలస్యమవుతోంది, అవనీ.

పడ్డాను కూడా. మీరు చెప్పినచోటే, పానా గారూ. పెట్రోల్ బంకులో, స్పీడు సున్నా. ట్యాంకు నింపించి, తిప్పుకుంటూ ముందు బ్రేకు పట్టాను. మెల్లగా ఒరిగిపోయింది. నాకేమీ కాలేదు, లెగ్ గార్డ్ కుడివైపు వంగింది. వెనక లైన్లో స్కూటర్ మీద మా ఆవిడ ఉంది.

సిరిపురం_సిరి
హ్యాండిల్ తిప్పి ముందు బ్రేకు! ఉప్పుగాలి గారు వచ్చి తిడతారు చూడండి.

ఉప్పుగాలి
తిట్టను. నాకు మోచెయ్యి పోయింది, ఆయనకి లెగ్ గార్డే కదా.

బుల్లెట్_బావ
350 అయితే ఒక్కరే లేపగలిగేవారా అని అడగను.

ఆలస్యంగా_గేరు
ఒక్కడినే లేపాను. మా ఆవిడ దిగేలోపే.

ఆటోనగర్_పానా
లెగ్ గార్డ్ ఊడదీసి పట్టుకురండి, వంపు తీసేస్తాను. బండితో వచ్చినా సరే. చైన్ కూడా చూస్తాను, తడిలో తిరిగి ఉంటుంది. ఆదివారం మాత్రం షాపు ఉండదు.